గోదావరి బొమ్మకు బయట నిలబడినవారు

విదేశాల్లోని తెలుగు సంఘాల సావనీర్లను, మహాసభల పోస్టర్లను, సంక్రాంతి వీడియోలను వరుసగా చూస్తే గోదావరి సీమ దాదాపు ఎప్పుడూ ఒక అమ్మాయి రూపంలోనే కనబడుతుంది. వెనక కొబ్బరిచెట్లు, పక్కన పంట కాలువ, ముందు లంగా ఓణీలో పచ్చని మేనిఛాయతో నవ్వుతున్న పిల్ల. ఈ బొమ్మను సినిమా మనకు అలవాటు చేసింది, మనం దానిని సొంత ఊరి జ్ఞాపకంగా దాచుకున్నాము. ఆ పిల్ల మీద గాని, ఆ కొబ్బరిచెట్ల మీద గాని నాకు అభ్యంతరం లేదు. అయితే గోదావరి అంటే ఆ బొమ్మ ఒక్కటేనని స్థిరపడినప్పుడు దళితుల పేటలో పుట్టిన నల్లని పిల్ల, తరతరాలుగా ఆ నేల మీద నాట్యాన్ని నిలిపిన కళావంతుల, అంటే దేవదాసీ కుటుంబాల, స్త్రీ, పుట్టినప్పుడు మగబిడ్డ అని రాయించుకుని స్త్రీగా బతుకుతున్న మనిషి, అందరూ చట్రానికి బయటే ఉండిపోతున్నారు. వీరు ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం వల్ల బయట ఉన్నారని మనం అనుకుంటాము. రంగు, కులం, ఆడతనం, ఎవరు ఎవరిని కోరవచ్చుననే కట్టుబాటు, ఇవన్నీ ఒకే ముడిగా పనిచేస్తున్నాయని నేను నమ్ముతున్నాను.

ఒక సంక్రాంతికి ముందు, గౌతమి పాయకు దగ్గరలో ఉన్న మా ఊళ్ళో ఇటువంటి వీడియో తీయడానికి ఒక విదేశీ తెలుగు సంఘం తరఫున మనుషులు వచ్చారు. హైస్కూలు పిల్లలను కాలువ గట్టు మీద నిలబెట్టారు. వారిలో పేట నుంచి వచ్చిన పిల్ల ఒకతె ఉంది. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న తల్లి పంపిన డబ్బుతో కుట్టించిన నెమలికంఠం రంగు పరికిణీ, జడలో కనకాంబరాల దండ, మెడ నల్లగా ఉండి ముఖం మాత్రం బూడిద రంగులో కనబడేటంత దళసరిగా పూసిన పౌడరు. కెమెరా వెనక ఉన్నాయన, "తల్లీ, నువ్వు కొంచెం పక్కకి రామ్మా, ఇక్కడ లైటు సరిపోవట్లేదు" అన్నాడు. అప్పటికి ఎండ బాగా పైకి వచ్చింది. పిల్ల మారుమాట లేకుండా వచ్చి, మిగతావాళ్ళు చెప్పులు విడిచిన చోట నిలబడింది. ఎవరో ఆమె చేతికి బంతిపూల బుట్ట ఇచ్చి పట్టుకోమన్నారు.

ఆ కెమెరా ఆయన చెడ్డవాడని నేను అనుకోవడం లేదు. తెర మీద ఏ రంగు చెల్లుతుందో ఆయనకు వృత్తి నేర్పింది. కాని ఆ పిల్లను పక్కకు తప్పించినది ఏమిటని అడిగితే ఒక్క మాటలో జవాబు దొరకదు. రంగు ఒక్కటే అనడానికి వీలు లేదు, ఎందుకంటే అదే గట్టు మీద అంతే నల్లని మగపిల్లలు ఇద్దరు గాలిపటాలు పట్టుకుని కెమెరాకు ఎదురుగానే ఉన్నారు. మగవాడి నలుపు మన తెర మీద మొరటుదనంగానో, మగసిరిగానో చెల్లిపోతుంది. ఆడపిల్ల కావడం వల్లనే అనడానికీ లేదు, మిగిలిన ఆడపిల్లలందరూ ఫ్రేములోనే ఉన్నారు. నల్లదీ, ఆడదీ, పేట నుంచి వచ్చినదీ అయిన ఆ ఒక్క పిల్లకు మాత్రం అక్కడ చోటు లేదు.

మనలో చాలామంది స్థిరపడిన అమెరికాలో ఈ చిక్కుముడిని ఒక కోర్టు తీర్పు బయటపెట్టింది. జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి స్త్రీలు వేసిన దావాలో 1976లో మిస్సోరిలోని ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. ఆ సంస్థ 1964కు ముందు నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు; 1970 తరువాత చేరిన నల్లజాతి స్త్రీలందరూ, చివర చేరినవారిని ముందు తీసివేయాలనే పద్ధతి వల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. సంస్థలో స్త్రీలు ఉన్నారు గనుక స్త్రీవివక్ష లేదని, జాతివివక్ష అయితే అది వేరే దావా అని, రెండింటినీ కలిపి ఒక కొత్త ఫిర్యాదును తయారు చేయడానికి వీలులేదని కోర్టు అభిప్రాయపడింది. ఆ సంస్థలో మొదటినుంచి ఉన్న స్త్రీలు తెల్లవారు, నల్లవారు పురుషులు అనే సంగతి లెక్కలోకి రాలేదు. న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్షా 1989లో రాసిన వ్యాసంలో ఈ తీర్పును విప్పి చూపించిన తరువాతనే, ఇటువంటి చోట నలిగిపోయే మనుషుల గురించి మాట్లాడే పద్ధతి ప్రపంచానికి అలవాటయింది.

ఇది అమెరికా నల్లవారి సంగతి, మనకు సంబంధించినది కాదు అనేవారు భామాకలాపం చరిత్రను ఒకసారి చూడాలి. తెర మీదుగా జడ వేసి, తనను గెలవగలవారెవరని సవాలు చేస్తూ ప్రవేశించే సత్యభామను కూచిపూడి బ్రాహ్మణ కుటుంబాల పురుషులు తరాలపాటు ఆడారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ వేషంలో చూపిన నేర్పుకు దేశమంతా జోహారు పలికింది. అంతకు ముందే తెలుగు నాటకరంగంలో స్త్రీపాత్రలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఈ గౌరవాలకు వారు పూర్తిగా అర్హులు. అయితే అదే భామాకలాపాన్ని, గొల్లకలాపాన్ని, జావళీలను, పదాలను గోదావరి డెల్టాలో కళావంతుల స్త్రీలు ఆడుతూ, పాడుతూ వచ్చారు. మురమండ, బల్లిపాడు, ముమ్మిడివరం వంటి ఊళ్ళు వారి విద్యకు నిలయాలు. ఆస్తి ఆడపిల్లలకు దక్కే ఆచారం, చదువు, సంగీతం ఉన్న స్త్రీలు వారు. వారికి పద్మాలు రాలేదు, 1947లో మద్రాసు ప్రభుత్వం చేసిన దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది.

ఆ వ్యవస్థలో ఆడపిల్లలకు అన్యాయం జరగలేదని నేను అనడం లేదు. చిన్న వయసులోనే దేవుడి పేరిట ముడిపెట్టి ధనవంతుల దయకు వదిలివేయడం ఆగవలసిందే. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం గారు ఈ స్త్రీల నాట్యబృందాలైన భోగం మేళాలను వ్యతిరేకించడం వెనక కూడా స్త్రీల పట్ల నిజమైన ఆవేదన ఉంది. కాని ఆ సంస్కరణ నింద మొత్తాన్ని స్త్రీ మీదనే మోపింది. మేళాలను పిలిచిన జమీందార్లకు, పెళ్ళిపందిళ్ళలో ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషులకు ఏ మచ్చా అంటలేదు. ఆ స్త్రీల సంతానం కులం పేరు మార్చుకుని, తల్లుల విద్యను ఇంట్లో కూడా ఎత్తకుండా బతకవలసి వచ్చింది. కొద్దికాలానికే అదే అభినయం పెద్దకులాల ఆడపిల్లలకు గౌరవప్రదమైన విద్య అయింది. ఇప్పుడు మన పిల్లలు డాలస్‌లోనూ, న్యూజెర్సీలోనూ అరంగేట్రాలు చేస్తున్నారు. పెద్దకులపు పురుషుడు ఆడవేషం కడితే కళ, పెద్దకులపు ఆడపిల్ల నేర్చుకుంటే సంస్కారం, కళావంతుల స్త్రీ చేస్తే మాత్రం నేరం. మిస్సోరి కోర్టు చూడలేకపోయినది మన గోదావరి గట్టున కూడా ఉంది.

మళ్ళీ ఆ పిల్ల తల్లి దగ్గరకు వస్తాను. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఎందరో స్త్రీలు గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళుతున్నారు. ఆ పనికి వెళ్ళే స్త్రీకి ముప్ఫై ఏళ్ళు నిండి ఉండాలని భారత ప్రభుత్వం నియమం పెట్టింది. అక్కడ ఒకే పని చేసినా ఏ దేశపు మనిషి అన్నదానిని బట్టి జీతం మారుతుంది. చాలా చోట్ల యజమాని అనుమతి లేనిదే ఉద్యోగం మారడం కష్టం. ఆమె పంపిన డబ్బుతో ఇంటికి స్లాబు పడుతుంది, తమ్ముడి చదువు సాగుతుంది. తిరిగి వచ్చిన తరువాత ఊరు ఆమె నడవడిని గురించి గుసగుసలాడుతుంది. అదే గల్ఫ్ నుంచి వచ్చిన మగవాడి నడవడి గురించి ఎవరూ అడగరు. ఈమె కూడా విదేశీ తెలుగు మనిషే, కాని మన మహాసభల వేదికల మీద ఆమె మాట నేను ఎన్నడూ వినలేదు.

విదేశాల్లో మన రంగు మనకు వెంటనే గుర్తుకు వస్తుంది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మన డెల్టా కూలీలను బర్మాలో కోరంగీలు అనే పిలిచారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో జరిగిన అల్లర్లలో తెలుగు కూలీలు ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అమెరికాలో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీకి తెల్లవాడు కాదనే కారణం చేత 1923లో సుప్రీంకోర్టు పౌరసత్వం నిరాకరించింది. ఈ కేసును మన పత్రికలు జాతివివక్షకు ఉదాహరణగా తరచు చెబుతాయి, అది నిజమే. చెప్పకుండా వదిలివేసేది ఆయన తరఫు వాదన. పెళ్ళిళ్ళ విషయంలో అమెరికన్లు నల్లవారిని ఎలా చూస్తారో, అగ్రకుల హిందువు ఆదివాసులను అలాగే చూస్తాడని, కనుక ఆయనను తెల్లవారిలో చేర్చవలసిందేనని న్యాయవాదులు వాదించారు. తెలుపును సంపాదించడానికి వారు కులాన్ని సాక్ష్యంగా పెట్టారు, ఆ సాక్ష్యానికి ఆధారం ఎవరు ఎవరిని పెళ్ళాడరు అన్నది. మన సంఘాల వివాహ పరిచయ పత్రాలలో ఈనాటికీ రంగుకు ఒక గడి ఉంది. ఒక ప్రసిద్ధమైన తెల్లదనపు క్రీము 1975 నుంచి మోసిన పేరును 2020లో మార్చుకుంది, మన దరఖాస్తు మాత్రం మారలేదు. పైగా ఆ గడిని ఆడపిల్లల తల్లిదండ్రులే ఎక్కువ భయంతో నింపుతారు.

1964 నాటి పౌరహక్కుల చట్టం, ఆ మరుసటి ఏడు వచ్చిన వలస చట్టం నల్లజాతి ప్రజల పోరాటపు వేడిలో పుట్టాయి. మన ఇంజనీర్లు, డాక్టర్లు ఆ తలుపులోంచే లోపలికి వచ్చారు. అయినా మన ఇళ్ళలో నల్లోళ్ళు అనే మాట ఏ గొంతుతో పలుకుతామో మనకు తెలుసు, మన అమ్మాయి నల్లజాతి యువకుడిని ఇంటికి తీసుకువస్తే ఏమవుతుందో కూడా తెలుసు. తెల్లదొరతనం వద్దని గరిమెళ్ళ సత్యనారాయణ గారు పాడిన రోజుల్లోనే, రాజమహేంద్రవరానికి చెందిన దళిత కవి కుసుమ ధర్మన్న గారు మాకు నల్లదొరతనమూ వద్దని పాడారు. బయటివాడు చేసిన అవమానాన్ని మాత్రమే లెక్కపెట్టే మనిషికి అంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

మా వైపు ఆత్రేయపురం దగ్గర ర్యాలిలో ఒక గుడి ఉంది. గర్భగుడిలో ఒకే నల్లని రాయి. ముందువైపు శంఖచక్రాలతో కేశవస్వామి, వెనకవైపు అదే రాతిలో జగన్మోహిని. అర్చకుడు దీపం పట్టి ముందు స్వామిని, తరువాత మోహిని కొప్పును, పిక్క మీది పుట్టుమచ్చను చూపిస్తారు. జనం రెండు వైపులా దండం పెడతారు. ఈ విగ్రహం ఉన్నంత మాత్రాన మన పూర్వులు ఉదారులని నేను వాదించను. ఆ గుడి ఉన్న సీమలోనే ట్రాన్స్ స్త్రీలకు ఇల్లు అద్దెకు దొరకదు. నన్ను బాధపెట్టేది మరొకటి. రాతిలో ఉంటే చేతులు జోడించే మనం, పండుగ స్కిట్‌లో ఒక మగవాడికి చీర కట్టి, నడుము తిప్పించి, ఆడంగి అని పిలిపించి పగలబడి నవ్వుతాము. టీవీలో ఇదే హాస్యం వారం వారం వస్తుంది గనుక తప్పు కనబడదు. భారత సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను గుర్తించింది, 2018 సెప్టెంబరు 6న స్వలింగ ప్రేమను నేరం కాకుండా చేసింది. అమెరికాలో 2015 నుంచి అటువంటి వివాహాలు దేశమంతటా చెల్లుతున్నాయి. మన స్కిట్ మాత్రం అక్కడే ఆగిపోయింది.

పండుగ పూట ఈ మాటలెందుకు అని కొందరు పెద్దలు అంటారు, వారి విసుగు నాకు అర్థమవుతుంది. కాని పండుగ పూటే ఆ నవ్వు వినబడుతుంది, ఆ బొమ్మ అచ్చవుతుంది. కాబట్టి నేను మన సంఘం కార్యవర్గాన్ని కోరేవి పండుగకు సంబంధించినవే. వివాహ పరిచయ పత్రంలో రంగు గడిని తీసివేయాలి. భామాకలాపం ప్రదర్శించినప్పుడు కూచిపూడి పేరుతో పాటు మురమండ, బల్లిపాడు, ముమ్మిడివరం పేర్లు కూడా వ్యాఖ్యాత చదవాలి. ఊళ్ళో వీడియో తీయించేటప్పుడు పిల్లలను ఎంచే పని బడి పంతులమ్మకు వదలాలి, ఆవిడ పంపిన పిల్లలందరూ చివరి వీడియోలో కనబడాలి. చీర కట్టిన మగవాడి హాస్యం స్కిట్‌లో ఉంటే దానిని ఒప్పుకోకూడదు.

కొడుకు ఒక యువకుడిని ప్రేమించాడనో, కూతురు పేరూ ఉనికీ మార్చుకున్నదనో మన మధ్య నుంచి మెల్లగా తప్పుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఎవరో, ఎక్కడివారో ఇక్కడ రాయను. ఆ నవ్వుల మధ్య కూర్చోలేకనే వారు రావడం మానేశారు. ఉగాది ఆహ్వానపత్రం ఇంకా అచ్చుకు వెళ్ళలేదు. కుటుంబ సమేతంగా రండి అన్న మాట కింద, మీ పిల్లలు తమ సహచరులతో, వారు ఎవరైనా సరే, తప్పక రావాలని ఒక వాక్యం చేర్చడానికి వ్యవధి ఉంది.