చూడనివారి పక్షాన ఒక మనవి

సినిమాల గురించి జరిగే చర్చలన్నింటిలోనూ ఒక అన్యాయం చాలాకాలంగా సాగుతోంది. ఎవరైనా ఒక చిత్రాన్ని తీసిపారేసినా, ఆకాశానికెత్తినా, ఎదుటివారు తర్కంతో జవాబివ్వడం మానేసి "అసలు మీరు ఆ సినిమా చూశారా?" అని అడుగుతారు. చూడడం ఒక అర్హత అయినట్టు, చూడకపోవడం ఒక లోపమైనట్టు చుట్టూ ఉన్నవారంతా తలలు తిప్పి చూస్తారు. అభిప్రాయానికీ చూడడానికీ ఈ ముడి ఎవరు, ఏ ఆధారంతో వేశారో మాత్రం ఎవరూ విచారించరు. ఆ విచారణ జరిపి, చూడనివారికి దక్కవలసిన గౌరవాన్ని దక్కించాలన్నదే నా ప్రయత్నం.

ముందుగా చూసినవారి దుస్థితిని గమనించండి. నిన్న రాత్రే సినిమా చూసి వచ్చిన మనిషిని ఎలా ఉందని అడిగితే ఒక పట్టాన జవాబు రాదు. "ఫస్టాఫ్ బాగానే నడిచింది, ఇంటర్వెల్ దగ్గర ఊపు వచ్చింది, సెకండాఫ్‌లో ల్యాగ్ ఉన్న మాట నిజమే గానీ, ఆ తండ్రి వేషం వేసినాయన మాత్రం..." అంటూ వాక్యాన్ని ఎక్కడ ముగించాలో తెలియక నీళ్లు నములుతారు. చూడనివారికి ఈ అవస్థ లేదు. ట్రైలర్‌లో ఒక నిమిషం చూసి "రొటీన్" అని తేల్చేయగలరు, పాత చిత్రమైతే పేరు వినగానే "క్లాసిక్" అని కళ్లు మూసుకోగలరు. న్యాయస్థానాలు కూడా ఈ పద్ధతినే పాటిస్తున్నాయి. నేరం జరుగుతుండగా చూసినవాణ్ని సాక్షి అని బోనులో నిలబెట్టి నానా ప్రశ్నలూ వేస్తారు. తీర్పు చెప్పే ఆసనంలో కూర్చునేది మాత్రం ఆ సమయంలో అక్కడ లేని వ్యక్తే.

పోనీ, చూసినవారు నిజంగా చూశారా అంటే అదీ సందేహమే. ఫిల్మ్ రీళ్ల కాలంలో ప్రొజెక్టర్ సెకనుకు 24 ఫ్రేములు చూపేది. ఒక ఫ్రేము జరిగి మరొకటి వచ్చేలోగా ఆ కదలిక కంటబడకుండా షట్టర్ వెలుగును అడ్డుకునేది. బొమ్మ మిణుకుమిణుకుమనకుండా ఉండేందుకు, ఫ్రేము నిలకడగా ఉన్నప్పుడు మరొకసారి అడ్డుకునేది. ఆ లెక్కన ప్రదర్శన సమయంలో దాదాపు సగం సేపు తెర మీద ఉండేది చీకటే. మూడు గంటల పాత చిత్రాన్ని మొదటి రోజు మొదటి ఆటకే చూశానని చెప్పుకునే పెద్దలు, నిజానికి గంటన్నర సేపు నల్లటి తెరను చూసి వచ్చినవారు. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక ఈ లోటు తీరిందని సాంకేతిక నిపుణులు అంటారు గానీ, ప్రేక్షకులు ఆ సగాన్ని చేతిలోని ఫోనుకు కేటాయించి పాత నిష్పత్తిని చెక్కుచెదరకుండా కాపాడుకొస్తున్నారు. సగం చూసినవారు అసలే చూడనివారిని నిలదీయడంలో ఉన్న అహంకారం మీకే బోధపడుతుంది.

కన్ను ఎంత నమ్మదగని సాక్షో సుమారు నూరేళ్ల కిందటే రుజువైంది. రష్యన్ దర్శకుడు కులెషోవ్, మొజుఖిన్ అనే నటుడి ముఖాన్ని ఏ భావమూ లేకుండా చూపే ఒకే షాటును తీసుకుని, దాని పక్కన ఒకసారి ఆహారపు గిన్నెను, మరొకసారి శవపేటికను, ఇంకొకసారి ఆడుకుంటున్న పిల్లను అతికించాడని ఆయన శిష్యుడు పుడోవ్కిన్ రాశాడు. ప్రేక్షకులు ఆ నటుడి ఆకలికి, దుఃఖానికి, వాత్సల్యానికి పరవశించిపోయారట. ముఖం ఒక్కటే, మార్పు పక్క షాటులో మాత్రమే. ఇటువంటి ప్రేక్షకుల వారసులే ఈనాడు "కళ్లతోనే నటించాడండీ" అని మనకు నటనా పాఠాలు చెబుతున్నారు. చూడనివాణ్ని ఏ ఎడిటరూ ఇలా మోసం చేయలేడు.

ఇక చరిత్ర దగ్గరికి వద్దాం. జాఁ రెన్వా తీసిన 'ది రూల్స్ ఆఫ్ ద గేమ్' 1939లో ప్యారిస్‌లో విడుదలైనప్పుడు దాన్ని కళ్లారా చూసిన జనం ఈలలు, కేకలతో అవమానించారు. దర్శకుడు బెదిరి చిత్రం నిడివికి కోతలు వేశాడు. కొన్నాళ్లకు ప్రభుత్వం నిషేధించింది. యుద్ధంలో బాంబు దాడికి అసలు నెగటివ్ నాశనమైంది. అప్పటి నుంచి ఆ చిత్రం కీర్తి పెరుగుతూ వచ్చింది. బ్రిటన్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' పదేళ్లకొకసారి విమర్శకులను అడిగి తయారుచేసే ఉత్తమ చిత్రాల జాబితాలో, 1952 నుంచి 2012 దాకా ప్రతిసారీ అది తొలి పదిలోనే నిలిచింది. చూసినవారు ఈలలు వేస్తే చూడనివారు కాపాడుకున్నారని దీని నుంచి నేను గ్రహించాను. 1959లో దొరికిన ముక్కలన్నీ కూర్చి తిరిగి ప్రదర్శించారని, విమర్శకులు దాన్ని చూసే మెచ్చుకున్నారని అభ్యంతరం చెప్పేవారుంటారు. ఉండనివ్వండి.

దీనికంటే గట్టి సాక్ష్యం హిచ్‌కాక్ 'వర్టిగో'. 1958లో అది థియేటర్లలో ఆడుతున్నప్పుడు పత్రికలు పెదవి విరిచాయి, వసూళ్లు కూడా అంతంతమాత్రమే. ఆ చిత్రంతో సహా అయిదు చిత్రాల హక్కులు దర్శకుడి చేతిలోనే ఉండడం వల్ల 1970లలో అవి బయటి ప్రదర్శనలకు దొరక్కుండా పోయాయి. 1983లో గాని తిరిగి తెర మీదికి రాలేదు. సరిగ్గా ఈ చూడ వీలులేని కాలంలో, 1982లో, విమర్శకుల జాబితాలో అది మొదటిసారి తొలి పదిలోకి వచ్చింది. అందరికీ అందుబాటులో ఉన్నంతకాలం మామూలు సినిమా, కనబడకుండా పోగానే మహాకావ్యం. 2012 నాటికి ఏకంగా ప్రథమ స్థానమే దక్కింది. అప్పటిదాకా, 1962 నుంచి అయిదు పర్యాయాలు వరసగా ఆ స్థానంలో కూర్చున్న 'సిటిజన్ కేన్' అభిమానులు దీన్ని సొంత ఇంట్లో దొంగలు పడినంత బాధగా తీసుకున్నారు. 1941లో వచ్చిన ఆ చిత్రం 1952 జాబితాలో తొలి పదిలో కూడా లేదని గుర్తుచేస్తే ఇంకా బాధపడతారు కాబట్టి గుర్తుచేయను.

అటు తర్వాత 2022లో, పదహారు వందల మందికి పైగా విమర్శకులు ఓట్లు వేసి, షాంటల్ ఆకర్మన్ 1975లో తీసిన 'జాన్ డీల్మాన్'కు మొదటి స్థానం ఇచ్చారు. ఒక గృహిణి దినచర్యను, బంగాళాదుంపల తొక్క తీయడంతో సహా, 201 నిమిషాల పాటు చూపే చిత్రమది. ప్రకటన వెలువడిన సాయంత్రానికే అది అసలైన సినిమా అని కొందరు, విమర్శకులకు మతి చలించిందని కొందరు రెండు శిబిరాలుగా చీలి కత్తులు దూశారు. ప్రకటనకూ ఆ వాదనలకూ మధ్య గడిచిన సమయం చాలామంది విషయంలో 201 నిమిషాల కన్నా తక్కువ. అయినా ఇరుపక్షాలూ ఎక్కడా తడబడలేదు. నా వాదానికి ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి?

ఈ సూత్రానికి పరాకాష్ఠ ఏమిటంటే, ఎవరూ చూడలేని సినిమా. ఎరిక్ ఫాన్ స్ట్రోహైమ్ 1924 నాటి 'గ్రీడ్' చిత్రాన్ని మొదట తొమ్మిది గంటల పైచిలుకు నిడివితో కూర్చాడు. స్టూడియో దాన్ని రెండున్నర గంటలకు అటూఇటుగా కుదించి, మిగిలింది పారేసింది. ఆ పారేసిన భాగంలో ల్యాగ్ ఉందని ఇప్పటిదాకా ఒక్కరూ అనలేదు. మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' సంగతీ అంతే. 1931లో వచ్చిన ఆ చిత్రం ప్రింటు ఒక్కటీ మిగల్లేదు కాబట్టి, దాని స్క్రీన్‌ప్లేలో లోపాలున్నాయని గానీ, క్లైమాక్స్ సాగదీశారని గానీ అనే సాహసం ఎవరికీ లేదు.

పాతవన్నీ బంగారమే, ఇప్పుడొచ్చేవన్నీ రొట్ట అనే అభిమానుల వాదానికి పునాది కూడా ఇక్కడే దొరుకుతుంది. అమెరికాలో 1912 నుంచి 1929 దాకా వచ్చిన సుమారు పదకొండు వేల మూకీ కథాచిత్రాల్లో, విడుదలైనప్పటి రూపంలోనే మిగిలినవి 14 శాతమని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. అప్పటి ఫిల్ము నైట్రేట్‌ది. నిప్పురవ్వ తగిలితే భగ్గుమనేది, తగలకపోయినా గోదాములో కుళ్లి పొడి అయ్యేది, అదీ కాకపోతే అందులోని వెండి కోసం కరిగించేవారు. మంచి చెడ్డల ఎంపిక ఏమీ లేకుండా పోయినవి పోయాయి. ఆ తర్వాత, మిగిలిన వాటిలో మనం మళ్లీమళ్లీ తలుచుకునేవి వేళ్ల మీద లెక్కించదగినవి. ఆ గుప్పెడు చిత్రాలను పక్కన పెట్టుకుని, ఈ శుక్రవారం విడుదలైన నాలుగింటితో పోల్చి, "ఆ రోజులే వేరు" అని నిట్టూర్చడం ఎంతో న్యాయమైన పద్ధతి. పాత రోజుల్లోనూ శుక్రవారాలు ఉండేవని, వాటిలో చాలామటుకు ఇలాగే ఉండేవని చెప్పడానికి ఆ శుక్రవారాల సాక్ష్యాలు మిగల్లేదు.

స్వర్ణయుగం ఎప్పుడు ముగిసిందన్న విషయంలో కూడా అభిమానుల మధ్య వాదన నడుస్తుంది గానీ, అందులో వాదనకు చోటే లేదు. చెప్పేవారికి ఇరవయ్యేళ్లు నిండిన సంవత్సరంలో ముగిసింది. 1960ల తర్వాత సినిమా చచ్చిపోయిందనేవారితో 1980ల పిల్లలు తగవు పెట్టుకుంటారు. 1990లలో చదువు మానేసి సినిమాలు చూసినవారు ఇద్దరినీ జాలిగా చూస్తారు. వీరెవరైనా తమ స్వర్ణయుగపు చిత్రాన్ని మళ్లీ పెట్టుకుని చూసే పొరపాటు చేస్తే, కమెడియన్ జోకులు అంత పేలడం లేదని, ఫైటింగులో దెబ్బ తగలకముందే మనిషి ఎగిరిపడుతున్నాడని, కథానాయకుడు నాయిక వెంటపడిన తీరుకు ఈనాడైతే పోలీసు కేసు అయ్యేదని కంటబడుతుంది. ఇన్నేళ్ల అభిప్రాయం ఒక్క సాయంత్రంలో పాడవుతుంది. అందుకే వివేకవంతులు ఆ సినిమాల నుంచి పాటలు మాత్రం వింటారు.

కొత్త సినిమాల విషయంలో చూడనివారికి అండగా నిలిచిన మహత్తర సాధనం శాతం. సమీక్షలను పోగుచేసే రాటెన్ టొమాటోస్ వంటి వెబ్‌సైట్లలో ఒక చిత్రానికి 95 శాతం వచ్చిందంటే నూటికి తొంభై అయిదు మార్కులని కాదు; సమీక్ష రాసినవారిలో అంతమంది దాన్ని ఏదో ఒక మేరకు బాగుందన్నారని మాత్రమే. అందరూ కలిసి "పర్లేదు, ఒకసారి చూడొచ్చు" అన్నా నూరు శాతం వస్తుంది. సగంమంది పిచ్చెక్కినట్టు ప్రేమించి, సగంమంది మధ్యలో లేచిపోయిన చిత్రానికి యాభై. ఈ సంగతి తెలిసినవారు శాతాన్ని వాడేటప్పుడు కాస్త జంకుతారు కాబట్టి, తెలియకపోవడమే మేలు.

స్పాయిలర్ల బెడదను కూడా ఈ కోణంలోనే ఆలోచించాలి. హంతకుడెవరో బయటపెట్టి పదిమంది ఆనందాన్ని చెడగొట్టిన పాపం ఎప్పుడూ చూసినవారిదే. చూడనివారు ఆ పాపం చేయాలనుకున్నా చేయలేరు.

చివరగా, శ్రమ విషయం. మరమనుషుల కథతో తీసిన హాలీవుడ్ చిత్రం 'బ్లేడ్ రన్నర్' 1982లో విడుదలై చతికిలపడింది. తర్వాత 1992లో 'డైరెక్టర్స్ కట్' పేరుతో ఒక రూపం, 2007లో 'ఫైనల్ కట్' పేరుతో మరొకటి వచ్చాయి. ప్రివ్యూలకు, విదేశాలకు, టీవీకి చేసినవి వేరే ఉన్నాయి. మొదటి రూపంలో కథానాయకుడు నేపథ్యంలో కథ చెబుతూ, ఆఖర్న నాయికతో కలిసి హాయిగా కారులో వెళ్లిపోతాడు. తర్వాతి వాటిలో ఆ గొంతూ లేదు, ఆ ప్రయాణమూ లేదు. చూసినవారు ఈ చిత్రం గొప్పదా కాదా అనే ప్రశ్నకు ఇంకా చేరుకోలేదు; ఎవరు ఏ రూపం చూశారు, ఏది అసలైనది, కథానాయకుడు మనిషా మరమనిషా అన్న దగ్గరే పోట్లాడుకుంటున్నారు. చూడనివారికి అన్ని రూపాలకూ కలిపి ఒకే అభిప్రాయం సరిపోతుంది. దర్శకుడు రేపు ఇంకొక రూపం విడుదల చేసినా దాన్ని మార్చుకోవలసిన పని లేదు.

అందరూ ఇదే దారి పడితే థియేటర్లకు వెళ్లేదెవరని నిర్మాతలు కంగారుపడనక్కర్లేదు. చూసేవారు ఎప్పుడూ కొందరు ఉంటారు, వారిని ఆపాలని నా ఉద్దేశం కాదు. నా కోరిక చిన్నది. చర్చ మొదలయ్యేటప్పుడు వారు తాము చూశామన్న సంగతిని ముందుగానే ప్రకటించాలి. దాన్ని బట్టి వారి మాటకు ఎంత విలువ ఇవ్వాలో మిగిలినవారు నిర్ణయించుకుంటారు.