సహనం ఎక్కువైన సర్వర్

మా ఆఫీసు సర్వర్ మీద నాదొక తీవ్రమైన ఫిర్యాదు. అది ఆగదు.

మామూలు సర్వర్ బుద్ధిమంతురాలు. చిన్న ముక్క పాడైతే చాలు, చతికిలబడుతుంది. కౌంటర్ల దగ్గర జనం అరుస్తారు, సాయంత్రానికి ఎవరో వచ్చి బాగుచేస్తారు. మాది ఫాల్ట్ టాలరెంట్, అంటే ముక్క పాడైనా సహించి ఆగకుండా నడిచే రకం. ఒకే పెట్టెలో రెండు మాడ్యూళ్లు. దేని ప్రాసెసర్, మెమరీ, డిస్కులు దానివే. ఒకే లెక్కని రెండూ ఒకే క్షణంలో చేస్తుంటాయి. జోడెడ్లలో ఒకటి కూలబడినా రెండోది బండిని లాక్కుపోతుంది, ఎక్కినవాళ్లకు కుదుపు కూడా తెలీదు. కొంపలు ముంచేది ఆ తెలీకపోవడమే.

మొన్న వేసవిలో ఒక మాడ్యూల్ పోయింది. పాపం, చెప్పాల్సిన పద్ధతిలో చెప్పింది. ఆరెంజ్ దీపం వెలిగించింది, లాగ్‌లో రాసుకుంది, మెయిల్ కొట్టింది. ఆ మెయిల్ వెళ్లేది సర్వర్ పెట్టిననాడు ఇచ్చిన జీమెయిల్‌కి. ఆ జీమెయిల్ సారు రిటైరై రెండేళ్లు. ఇక దీపం మీదేమో ఆయుధపూజనాటి కుంకుమ బొట్టు, దళసరిగా, ఎండిపోయి ఉంది. పూజ చేసిన వస్తువు కాబట్టి ఎవరూ తుడవలేదు.

నాలుగు నెలలు ఒంటెద్దు బండి నడిచింది. ఆడిటరు లాగ్ తిరగేసి ‘మాడ్యూల్ 0 పనిచేయడం లేదు’ అని రాస్తేగానీ మాకు తెలీలేదు. ఇంజనీరు కుర్రాడొచ్చి అడిగాడు.

“ఏది పోయింది సార్?”

మా సూపరింటెండెంటు గారు లెక్కల్లో గట్టి. సున్నా అంటే మొదటిది, మొదటిదంటే ఒకటి.

“ఒకటోది బాబూ.”

కుర్రాడు 1 అని రాసున్నదాన్ని సర్రున లాగేశాడు. అంతవరకూ బతికున్నది అదొక్కటే.

ఇలాంటి సర్వర్ ఏడాదికి ఐదు నిమిషాలకు మించి ఆగదని, 99.999 శాతమని అమ్మేటప్పుడు చెప్పారు. మాది తొమ్మిది గంటలు ఆగింది. దాదాపు వందేళ్ల కోటా ఒక్కరోజులో వాడేశాం. ఇంత సామర్థ్యం మా ఆఫీసులో ఇంకే పనిలోనూ కనపడలేదు.

ఇది మా ఒక్కళ్ల ప్రతిభే అనుకుంటే పొరపాటు. ఆగని యంత్రాలు చేయడమే వృత్తిగా పెట్టుకున్న టాండెం కంపెనీలో జిమ్ గ్రే అనే ఆయన, అవి ఎందుకు ఆగుతున్నాయని 1985లో లెక్క తీశాడు. హార్డ్‌వేర్ వాటా 18 శాతం. చూసుకునేవాళ్ల వాటా 42. కాబట్టి రెండు మాడ్యూళ్లు కాదు, రెండు సూపరింటెండెంటు పోస్టులు మంజూరు చేయాలని, ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే మాట చెప్తేనే చెయ్యి వెయ్యాలని నేను పైకి రాశాను.

జవాబుగా సర్క్యులర్ వచ్చింది: దసరాకి బొట్టు దీపానికి రెండంగుళాలు ఎడంగా పెట్టవలెను. పాత జాబితా ప్రకారం రిటైరైన సారుకీ వెళ్లింది. ఆయనొక్కరే వెంటనే బదులిచ్చారు: “చిత్తం. వేసవి నుంచీ నాకేవో ఇంగ్లీషు మెయిళ్లు వస్తున్నాయి. లోన్ వాళ్లవనుకుని స్పామ్‌లో వేస్తున్నాను.”