ఆగిపోయిన గీతలు

పేరున్న కుటుంబాల వంశవృక్షాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. తాత, తండ్రి, కొడుకు, మనవడు. కూతురి పేరు రాసినా, పెళ్లితో ఆమె గీత ఆగిపోతుంది. కోడలు ‘ఫలానా వారి భార్య’గా మిగులుతుంది. ఆస్తి, హోదా, ఒక్కోసారి జబ్బు కూడా ఒక ఇంటినుంచి మరో ఇంటికి చేరేది ఆ గీతల మీదుగానే.

చార్లెస్ డార్విన్‌నే చూడండి. తండ్రి వైపు వెళితే తండ్రీ తాతా ఇద్దరూ డాక్టర్లు. తల్లి సుసానా వైపు తిరిగితే, పింగాణీ సామానుతో పేరు తెచ్చుకున్న జోసయ్యా వెడ్జ్‌వుడ్ తాతగా ఎదురవుతాడు. డార్విన్ 1839లో పెళ్లాడిన ఎమ్మా ఆయన మేనమామ కూతురే. అంతకు రెండేళ్ల ముందే ఆయన అక్క కరోలిన్, ఎమ్మా అన్నను చేసుకుంది. అంటే మేనరికమూ, కుండమార్పిడీ కూడా. కుండలు చేసే ఇంటికి ఆ మాట భలే కుదిరింది! డార్విన్, ఎమ్మాల పదిమంది పిల్లల్లో ముగ్గురు చిన్నప్పుడే పోయారు. మేనరికం వల్లేనా అన్న టెన్షన్ డార్విన్‌ను వదల్లేదు. 1871 జనాభా లెక్కల్లో ఇలాంటి పెళ్లిళ్ల గురించి ఒక ప్రశ్న చేర్చాలని అడిగించాడు. బ్రిటిష్ పార్లమెంటు ఒప్పుకోలేదు. చివరికి 1875లో ఆయన కొడుకు జార్జి ఆ లెక్క తనకు చేతనైనట్టు తీశాడు.

స్పెయిన్ రాజు రెండో చార్లెస్ తల్లిదండ్రులు మేనకోడలు, మేనమామ. పిల్లలు లేకుండా 1700లో ఆయన పోయాక, ఫ్రాన్స్ నుంచి ఫిలిప్, ఆస్ట్రియా నుంచి మరో చార్లెస్ సింహాసనం మాదంటే మాదన్నారు. ఇద్దరూ చూపించింది నాయనమ్మనే. ఆ నాయనమ్మలిద్దరూ స్పెయిన్ ఆడపడుచులు, వరసకు మేనత్తా మేనకోడళ్లు. వియ్యంతో వచ్చిన ఆ హక్కుల మీద 1701లో మొదలైన కయ్యం 1714 దాకా సాగింది.

ఇంటిపేరు మారితే చుట్టరికం కనపడదు. ఒకే కంపెనీ బోర్డులో వేరువేరు ఇంటిపేర్లతో కూర్చున్న ఇద్దరు మామా అల్లుళ్లని, కొడుకుల వరస మాత్రమే రాసిన చెట్టు చూసి ఎవరు పోల్చుకోగలరు? అందుకే కుటుంబ చరిత్ర అచ్చు వేయించేవాళ్లు కోడళ్ల పుట్టింటి పేరు, కూతుళ్ల పిల్లల పేర్లు, దత్తతలు, రెండో పెళ్లిళ్లు దాచకుండా రాయాలని మా అభిప్రాయం. పరువు పోతుందనుకుంటే అసలు చరిత్ర జోలికే వెళ్లకపోవడం మేలు.

కాగితాలు వెతకడం తర్వాతైనా చేయొచ్చు. ముందు ఇంట్లో అందరికన్నా పెద్దావిడ పక్కన కూర్చోండి. ఎవరి పిల్లను ఎవరింటికి ఇచ్చారో ఆవిడకు నోటికొచ్చు.