నానో రోబోల పేరు చెప్పి కీమో మానమంటున్న సందేశానికి జవాబు

గాజువాక నుంచి మధురవాడ దాకా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లుగా ఒక సందేశం తిరుగుతోంది. నానో రోబోలు, అంటే కంటికి కనిపించనంత చిన్న యంత్రాలు, వచ్చేశాయని, ఒక్క సూది వేస్తే అవి నేరుగా కణితిని చేరి క్యాన్సర్ కణాలను ఏరి చంపుతాయని, ఒంటికి ఏ హానీ ఉండదని, కీమోథెరపీ మీద బతికే ఆసుపత్రులు ఈ సంగతి దాస్తున్నాయని, కనుక కీమో ఆపేసి ‘నానో వెండి’ చుక్కలు తాగమని దాని సారాంశం. చివరి మాట ప్రాణం మీదికి తెచ్చేది కాబట్టి దీన్ని పట్టించుకోకుండా వదిలేయడానికి లేదు.

ముందుగా రోబోల సంగతి. 2018లో అమెరికాలోని అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం, చైనా శాస్త్రవేత్తలు కలిసి డీఎన్‌ఏ పోగులను మడిచి సన్నని గొట్టంగా చుట్టి, అందులో రక్తాన్ని గడ్డకట్టించే థ్రాంబిన్ అనే ఎంజైమును దాచారు. కణితి రక్తనాళాల గోడ మీద కనిపించే ఒక ప్రోటీను తగిలితే ఆ గొట్టం విచ్చుకుంటుంది, అక్కడ రక్తం గడ్డకడుతుంది, కణితికి పోషణ ఆగిపోతుంది. నిజంగా మెచ్చుకోదగిన పరిశోధన ఇది. కాకపోతే అది కణితులను తగ్గించింది ఎలుకల్లో. పందుల్లో చూసింది భద్రతను మాత్రమే. దాన్ని నానో రోబో అన్నారు గానీ అందులో మోటారూ లేదు, కెమెరా లేదు. అలాంటి సూదిమందును రోగులకు వాడేందుకు ఇప్పటివరకు ఏ దేశమూ అనుమతి ఇవ్వలేదు.

మందు నేరుగా కణితికే చేరుతుందన్న మాటను కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవారు కూడా నమ్ముతున్నది దీన్నే. కణితిలోని రక్తనాళాల గోడలు వదులుగా ఉండడం వల్ల పెద్ద అణువులు అక్కడ బయటికి జారి నిలిచిపోతాయని 1986లో జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయెదా చూపించారు. నానో మందుల మీద ఆశ చాలావరకు అక్కడి నుంచి పుట్టిందే. అయితే 2016కు ముందు పదేళ్లలో జంతువులపై జరిగిన ప్రయోగాలను టొరంటో పరిశోధకులు ఆ ఏడాది ఒకచోట చేర్చి చూస్తే, ఎక్కించిన నానో కణాల్లో కణితిని చేరినవి మధ్యస్థంగా 0.7 శాతమే. మిగిలినవాటిలో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం వంటివి పట్టేస్తాయి.

హాని ఉండదన్నదీ నిజం కాదు. డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి కీమో మందు గుండెను దెబ్బతీస్తుందని, దాన్ని సుమారు 100 నానోమీటర్ల కొవ్వు బుడగల్లో చుట్టి ఇచ్చే పద్ధతిని కనిపెట్టారు. 1995లో అమెరికా అనుమతించింది. గుండె మీద భారం తగ్గిన మాట వాస్తవం. కానీ ఈ రూపంలో తీసుకున్నవారిలో చాలామందికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, మండి, ఒక్కోసారి పొరలుగా ఊడుతాయి. అందుకే మందు ఎక్కించిన తర్వాత కొద్దిరోజులు వేడినీళ్లలో గిన్నెలు తోమవద్దని, బిగుతు చెప్పులు వేసుకోవద్దని నర్సులు చెబుతారు. 2005లో అమెరికాలో అనుమతి పొందిన, ఆల్బుమిన్ అనే రక్తంలోని ప్రోటీనుతో కలిపిన పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు సంగతీ ఇంతే: పాత రూపంలో మందును కరిగించే ద్రావకం వల్ల వచ్చే అలర్జీ తగ్గింది, వేళ్ల తిమ్మిరీ జుట్టు ఊడడమూ పోలేదు. ఒక హానిని తగ్గించి మరొకదాన్ని ఓర్చుకోవడమే ఇక్కడ జరుగుతున్న అభివృద్ధి. ఆ తగ్గింపు రోగికి ఎంతో విలువైనది, కానీ దాన్ని మాయగా చూపితే ఆసుపత్రిలో మొదటి మంట పుట్టగానే నమ్మకం కూలిపోతుంది.

దాస్తున్నారన్న ఆరోపణకు పెద్ద జవాబు అక్కర్లేదు, నానో మందులు బహిరంగంగానే వాడుకలో ఉన్నాయి. 2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ రోగులతో విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) నిండినప్పుడు అందరూ వెతికిన లైపోసోమల్ ఆంఫోటెరిసిన్, అంటే కొవ్వు బుడగల్లో చుట్టిన ఫంగస్ మందు, నానో మందే. ఇంట్లో చేసుకున్న కోవిడ్ పరీక్ష కిట్లలో చాలావాటిపై కనిపించే ఎర్ర గీత బంగారు నానో కణాలు వరుసకట్టి నిలవడం వల్ల వచ్చేదే. 2012లో అమెరికాలో లైపోసోమల్ డాక్సోరూబిసిన్‌కు కొరత వస్తే మన సన్ ఫార్మా మందునే దిగుమతి చేసుకున్నారు. మీ మందుకు ఇలాంటి రూపం ఉందా, మీకు సరిపడుతుందా అని అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో గానీ, కేజీహెచ్‌లో గానీ వైద్యుణ్ని నేరుగా అడగవచ్చు.

ఇక వెండి చుక్కలు. కాలిన గాయాల పట్టీల్లో సూక్ష్మజీవులను అణచడానికి వెండి వాడతారు, అది పైపూత. తాగిన వెండి చర్మంలో పేరుకుంటే ఒళ్లు నీలి బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ రంగు సాధారణంగా మళ్లీ పోదు. దుకాణాల్లో అమ్మే వెండి ద్రావణాలను ఏ జబ్బుకూ సురక్షితమైన, పనిచేసే మందుగా గుర్తించలేమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది. వీటి కోసం కీమో మధ్యలో ఆపితే జరిగేది ఇది: రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జ కోలుకోవాలని కీమో విడతల మధ్య సాధారణంగా రెండు మూడు వారాల విరామం ఇస్తారు, ఆ గడువు దాటిపోతే మిగిలిన క్యాన్సర్ కణాలే మళ్లీ పుంజుకుంటాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి బస్సెక్కి వచ్చి ఒక్కో విడత పూర్తి చేసుకుంటున్నవారికి ఈ సందేశం పంపడం క్షమించరానిది.

క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. చుక్కల సీసా, బిల్లు, ఆ సందేశం స్క్రీన్‌షాట్ పట్టుకుని డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.