ఒంటరి హార్మోన్ ఆకారం ఒక్కటే చాలదు

హార్మోన్ అణువు ఆకారం తెలిస్తే మందు రూపొందించడం సులువవుతుందని మీ వ్యాసంలో రాశారు. నిజమే, కానీ ఇన్సులిన్ గురించి ఇంకాస్త చెప్పాల్సింది. శాస్త్రవేత్త డొరతీ హాడ్జ్‌కిన్ 1935లో దాని స్ఫటికాల ఎక్స్‌రే ఫోటో తీస్తే, నిర్మాణం తేలింది 1969లో. ఎంత ఓపిక! అందులో జింక్ చుట్టూ ఆరు ఇన్సులిన్ అణువులు గుంపుగా కనిపించాయి. ఇంజెక్షన్ తర్వాత ఆ గుంపు విడిపోతేగానీ ఇన్సులిన్ రక్తంలోకి త్వరగా చేరదు. అణువులు అతుక్కునే చోటే, బి గొలుసు (ఇన్సులిన్‌లోని రెండు అమైనో ఆమ్లాల గొలుసుల్లో ఒకటి) చివర్లో, 28, 29 స్థానాల్లోని ప్రోలిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలను తారుమారు చేస్తే వచ్చిందే త్వరగా పనిచేసే లిస్‌ప్రో ఇన్సులిన్.

అయితే రిసెప్టర్‌ను, అంటే కణం మీద హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్‌ను, పట్టుకునేటప్పుడు ఇన్సులిన్ ఆకారం మార్చుకుంటుంది, ఆ గొలుసు చివర పక్కకు జరుగుతుంది. ఈ సంగతి 2013లో రిసెప్టర్ భాగాలతో కలిపి చేసిన స్ఫటికాల్లో స్పష్టంగా కనిపించింది. దయచేసి హార్మోన్, రిసెప్టర్ కలిసి ఉన్న అలాంటి జంట నిర్మాణాల మీద కూడా రాయండి.