స్వదేశీ అడవి, విదేశీ గొడ్డలి

అడవులు తరిగిపోతున్నాయని గగ్గోలు పెట్టేవారికి సరిహద్దు గీత మహిమ తెలియదు. ఉష్ణమండలపు అడవులను కాపాడటానికి ఇంత చవకైన సాధనం ఇంకోటి లేదు. మొక్క నాటనక్కర్లేదు, కాపలా పెట్టనక్కర్లేదు. గీతకు ఇవతల నరకకుండా ఉంటే చాలు. అవతలి లెక్క మనల్ని ఎవరూ అడగరు.

దీన్ని శాస్త్రోక్తంగా చేసి చూపించింది థాయిలాండ్. 1988 నవంబరు వరదల్లో బోడికొండల మీది మట్టీ, దుంగలూ దక్షిణాది ఊళ్ల మీద పడ్డాయి. 1989 జనవరిలో ప్రభుత్వం అడవుల్లో వాణిజ్య నరికివేతను నిషేధించింది. భేషైన పనే. కాకపోతే రంపపు మిల్లుల ఆకలిని నిషేధించడం ఎవరికీ తోచలేదు. థాయి కంపెనీలు బర్మా సరిహద్దు వెంబడి టేకు అడవుల్లో కౌళ్లు సంపాదించాయి. చైనా కూడా 1998 వరదల తర్వాత యాంగ్‌ట్సీ ఎగువన గొడ్డలి ఆపింది, ఉత్తర బర్మా దుంగలు పొరుగునున్న చైనా రాష్ట్రం యునాన్ దారి పట్టాయి. రెండు దేశాలూ తమ అడవుల గురించి చెప్పుకున్నది నిజమే. బర్మా అడవి సంగతి చెప్పడం మర్యాద కాదు కదా!

పక్క దేశం అందుబాటులో లేనివారు కాగితాన్ని ఆశ్రయించాలి. బ్రెజిల్ అమెజాన్‌లో దొరికే ఖరీదైన గట్టి కలప ఇపే ఈ విద్యకు పెట్టింది పేరు. పద్ధతి సులువు. నరికే ముందు చెట్లన్నిటికీ నంబర్లు వేసి, చుట్టుకొలత, జాతి, చోటు జాబితాలో రాయాలని నియమం. ఆ జాబితాలో లేని ఇపే చెట్లను రాయండి, ఉన్నవాటిని లావు చేయండి, వేరే జాతి చెట్టుకు ఇపే అని నామకరణం చేయండి. అధికారి ఆమోదిస్తే అన్ని ఘనమీటర్ల కలప అమ్ముకునే హక్కు ఖాతాలో పడుతుంది. లేని చెట్టును నరకలేరు కనుక, ఆ హక్కును మూలవాసుల భూముల్లో దొంగతనంగా కొట్టిన దుంగకు తొడుగుతారు. ఇంకా మిగిలితే మిల్లు ఉంది. దుంగలో సగం కూడా పలకగా రాదు. వచ్చిందని ఎక్కువ శాతం రాస్తే, ఆ తేడా మేరకు మరికొంత దొంగ కలపకు చోటు దొరుకుతుంది. ఓడరేవు చేరేసరికి అన్నీ సక్రమమే. అడవిలోకి వెళ్లి నరికిన చెట్ల మొద్దులు లెక్కపెడితే తప్ప ఈ మోసం బయటపడదు. అంత ఓపిక ఎవరికుంది?

పొగ విషయంలో ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్ దేశాలు ఇంకా నిదానస్థులు. కుళ్లీ కుళ్లని మొక్కలు పేరుకున్న చిత్తడి నేల పీట్. ఆ నేలలో కాలువలు తవ్వి నీరు తీసేస్తే, ఎండిన నేల అడుగున నిప్పు వారాల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. ఇండోనేషియాలో అంటుకున్నది సింగపూర్‌లో ఊపిరాడనివ్వదు. దాని మీద ఒప్పందం 2002లో కుదిరింది. ఇండోనేషియా 2014లో ధ్రువీకరించింది. నిప్పు మాత్రం ధ్రువీకరణ కోసం ఆగలేదు.

ఈ మర్యాదలన్నీ చెడగొట్టిన దేశాలూ ఉన్నాయి. కామెరూన్, కాంగో రిపబ్లిక్ (బ్రాజవిల్ రాజధానిగా ఉన్నది), మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ 2000లో సంఘా నది అడవుల కోసం ఒప్పందం చేసుకుని, మూడు దేశాల కాపలాదారులనూ కలిపి గస్తీకి పంపుతున్నాయి. ఖర్చుకు ట్రస్టు నిధి కూడా పెట్టాయి. కలప కంపెనీలు వేసిన బాటే ఏనుగుల వేటగాడికీ బాట కనుక, నరికివేత ముగిశాక దాన్ని మూసేయాలని నిపుణులు నసుగుతుంటారు. ఇలా పక్కవాడి ఏనుగును కూడా లెక్కలోకి తీసుకుంటే ఇక సార్వభౌమత్వానికి మిగిలేదేమిటి?

ఆ గౌరవం నిలబెట్టింది 2023 ఆగస్టులో బ్రెజిల్‌లోని బెలెం నగరంలో జరిగిన సమావేశం. ఎనిమిది అమెజాన్ దేశాలు కలిసి, అడవుల నరికివేతను పూర్తిగా ఆపడానికి ఉమ్మడి గడువు ఒక్కటి కూడా పెట్టుకోకుండా సుదీర్ఘ ప్రకటన చేశాయి. దక్షిణ అమెరికాలో తన భూభాగమైన ఫ్రెంచ్ గయానా పుణ్యమా అని ఫ్రాన్స్‌కు అత్యంత పొడవైన భూసరిహద్దు బ్రెజిల్‌తోనే ఉంది, అయినా ఆ ఎనిమిదింటిలో దానికి కుర్చీ లేదు. అక్కడి చెట్లను ఎవరి ఖాతాలో రాయాలో తేల్చడానికి మరో సమావేశం అవసరం. బల్లలు ఇపేవే వేయించండి. కాగితాలు అడిగితే, ఉంటాయి.