చలికాలం కొండ మీదకి వెనకాల నడిచేవాళ్లు వద్దు

చలికాలం దగ్గర పడుతుంటే స్టూడెంట్ మౌంటెనీరింగ్ క్లబ్బుల్లో ఒకటే చర్చ. ఏ క్రాంపాన్లు (బూటు కింద తగిలించే ఇనుప ముళ్లు) కొనాలి, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) ఎంత పొడవుండాలి, జాకెట్‌లో ఈకలు మేలా సింథటిక్ మేలా అని. ఆ చర్చ అక్కర్లేదని నేననను, మెత్తటి బూటుకి గట్టి క్రాంపాన్ తగిలిస్తే ఏటవాలు మీద ఊడిపోతుంది, అక్కడ ఊడితే మనిషి మిగలడు. కానీ గేర్ గురించి వంద మెసేజ్‌లు తిరిగే గ్రూపులో అసలు ప్రశ్న ఒక్కసారి కూడా రాదు: రేపు ఆ గుంపులో నడిచే పదిమందిలో ఎంతమందికి తామెక్కడ ఉన్నారో, ఎటు వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో తెలుసు? నా వాదన సూటిగా చెప్పేస్తా. చలికాలంలో స్టూడెంట్ క్లబ్బుకి అన్నిటికంటే పెద్ద ప్రమాదం లీడర్ వెనకాల తల వంచుకుని నడిచే మెంబరే. అలాంటివాణ్ణి తయారుచేసే ట్రైనింగ్ ఏదైనా, ఎంత ఖరీదైనదైనా, ఎంత పేరున్న ఇన్‌స్ట్రక్టర్ ఇచ్చినా, అది ట్రైనింగ్ కాదు.

ఈ క్లబ్బులు ఎలా నడుస్తాయో తెలిసిందే. విద్యా సంవత్సరం మొదట్లో ఫ్రెషర్స్ చేరతారు, రెండు మూడు సులువైన ట్రిప్పులవుతాయి, మూడు నెలలు తిరిగేసరికి మంచు పడుతుంది. లీడర్ అంటే చాలాసార్లు వాళ్లకంటే రెండేళ్లు ముందు చేరినవాడే, ఇంకో ఏడాదికి అతను కూడా డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతాడు. దీనికి పెద్దవాళ్లు కనిపెట్టిన మందు ఏంటంటే, అనుభవమున్న టీచర్‌నో గైడ్‌నో ముందు పెట్టి పిల్లల్ని వరుసగా వెనకాల నడిపించడం. చూడ్డానికి సేఫ్‌గానే ఉంటుంది, తల్లిదండ్రులకి కూడా ధైర్యంగా ఉంటుంది. జరిగినవి చూస్తే ఆ ధైర్యం నిలవదు.

2017 మార్చి 27న జపాన్‌లో నాసు దగ్గర హైస్కూల్ పర్వతారోహణ క్లబ్బుల పిల్లలకి ట్రైనింగ్ క్యాంప్ నడుస్తోంది. మంచు బాగా పడిందని శిఖరం ఎక్కే ప్లాన్ రద్దు చేశారు, అంతవరకు మంచి నిర్ణయం. కానీ ఆ రోజుని అక్కడితో ఆపలేదు, దాని బదులు దగ్గర్లోని స్కీ ఏరియా పక్క వాలు మీద లోతు మంచులో దారి చేసుకుంటూ నడిచే ప్రాక్టీస్ పెట్టారు. అవలాంచ్ వచ్చింది, అంటే వాలు మీది మంచు ఒక్కసారిగా విరిగి కిందకి దూసుకొచ్చింది. ఏడుగురు విద్యార్థులు, ఒక టీచర్ చనిపోయారు, వాళ్ల ఒంటి మీద బీకన్లు, అంటే మంచు కింద పూడినా ఎక్కడున్నారో సిగ్నల్ పంపే పరికరాలు లేవు. నడిపించింది కొండలు తెలియనివాళ్లు కాదు, ఏళ్ల తరబడి క్లబ్బులు చూసుకున్న టీచర్లు. 2024లో అక్కడి జిల్లా కోర్టు ముగ్గురు టీచర్లని దోషులుగా తేల్చింది.

బీకన్లు ఉంటే సరిపోయేదా? కెనడా చూడండి. 2003 ఫిబ్రవరి 1న రోజర్స్ పాస్ దగ్గర కొనాట్ క్రీక్ లోయలో ఒక స్కూల్ నుంచి 17 మంది స్కీల మీద వెళ్తున్నారు, వాళ్ల దగ్గర బీకన్లు, మంచులో గుచ్చి వెతికే ప్రోబ్‌లు, పారలు అన్నీ ఉన్నాయి, కాస్త పైన ఉన్న ఇద్దరు వృత్తి గైడ్లు అవలాంచ్ రావడం కళ్లారా చూసి వెంటనే దిగొచ్చి తవ్వారు కూడా. అంతకంటే అదృష్టం మంచులో ఎవరికి దొరుకుతుంది? అయినా ఏడుగురు పిల్లలు పోయారు. మంచు కింద పూడినవాళ్లలో మొదటి పది నిమిషాల్లో బయటకి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతారు, అరగంట దాటిందంటే ఆ అవకాశం మూడో వంతుకి పడిపోతుంది. అంటే బీకన్ అనేది ప్రమాదం జరిగాక వాడే వస్తువు. జరగక్కుండా ఆపేది అంతకు ముందు ఎవరో ఒకరు నోరు తెరిచి అడిగే ప్రశ్న, ఈ వాలు కింద నుంచే ఎందుకు వెళ్తున్నాం, వేరే దారి లేదా అని.

ఇంకొకటి, చలికాలం అంటే క్యాలెండర్‌లో నెల కాదు. అమెరికాలో మౌంట్ హుడ్ మీద 1986లో తొమ్మిదిమంది పోయింది మే నెలలో, వాళ్లలో ఏడుగురు స్కూల్ పిల్లలు, ఇద్దరు టీచర్లు. తుపానులో చిక్కుకుని మంచు గుహ తవ్వుకుని అందులో తలదాచుకున్నారు. అదే రోజు బయల్దేరి మధ్యలోనే ఒంట్లో బాగాలేదనో చేతకావట్లేదనో వెనక్కి తిరిగిన కొందరు ప్రాణాలతో ఉన్నారు. మన దగ్గర ద్రౌపదీ కా దండా శిఖరం మీద ఉత్తరకాశీ నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ ట్రైనీలని మంచుచరియలు కబళించింది 2022 అక్టోబర్ 4న. 27 మంది మృతదేహాలు దొరికాయి, ఇద్దరు గల్లంతయ్యారు. దేశంలో అంతకంటే అనుభవమున్న ఇన్‌స్ట్రక్టర్లు దొరకడం కష్టం. అందుకే వాళ్లని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కానే కాదు. ముందున్న మనిషి ఎంత గొప్పవాడైనా వెనకున్నవాళ్లు కళ్లు మూసుకోడానికి అది కారణం కాకూడదు అంటున్నా, అంతే.

ఇది నా ఆవేశం మాత్రమే కాదు. ఇయాన్ మెకామన్ అనే పరిశోధకుడు అమెరికాలో 1972 నుంచి 2003 దాకా సరదాగా మంచులోకి వెళ్లినవాళ్లకి జరిగిన 715 అవలాంచ్ ప్రమాదాలు తీసి చూశాడు. మనుషుల్ని పదే పదే ముంచిన ఆలోచనా ఉచ్చులు ఆయనకి దొరికాయి. తెలిసిన చోటే కదా అనుకోవడం, అందరూ మెచ్చుకోవాలనుకోవడం, మొదలుపెట్టాం కదా పూర్తి చేద్దాం అనుకోవడం, ఆయనకి తెలుసులే అని ఒకరి మీద వదిలేయడం, ఇతరులు కూడా వెళ్తున్నారు కదా అనుకోవడం, అవకాశం చేజారిపోతుందన్న తొందర. ఈ లిస్టు ఏదైనా స్టూడెంట్ క్లబ్ పక్కన పెట్టి చూడండి, అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. బస్సు బుక్ అయిపోయింది, పరీక్షల ముందు ఈ వారాంతం ఒక్కటే ఖాళీ, సీనియర్ పోయినేడు ఎక్కేశాడు, పక్క క్లబ్ వాళ్లు ఫొటోలు పెట్టేశారు. అవలాంచ్‌లో చిక్కుకున్నవాళ్లలో చాలామందికి ఆ అవలాంచ్‌ని కదిపింది వాళ్లో వాళ్ల పక్కనున్నవాళ్లో అన్నది ఈ రంగంలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసిన సంగతి. కొండ తనంతట తాను మీద పడటం తక్కువ, మనమే వెళ్లి కదుపుతాం, ఆ వెళ్లే నిర్ణయం గుంపులోనే పుడుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే విషయానికొస్తా, ఎందుకంటే దీని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. చలి ముందుగా తీసుకుపోయేది తెలివిని. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందకి దిగితే హైపోథెర్మియా అంటారు, కానీ దాని మొదటి గుర్తులు థర్మామీటర్‌లో కాదు, మనిషి తీరులో కనిపిస్తాయి. మాట ముద్దముద్దగా వస్తుంది, కాళ్లు తడబడతాయి, జిప్పు పెట్టుకోడానికి వేళ్లు రావు, ఊరికే చిరాకు పడతాడు, ఆ తర్వాత ఏమడిగినా పర్లేదు పర్లేదు అంటాడు. ఆ పర్లేదు అనే మాటని నమ్మకూడదు, ఎందుకంటే తనకి బాగోలేదని తెలుసుకోవాల్సిన బుర్రే అప్పటికి మొద్దుబారింది. మైనస్ 10 డిగ్రీల దగ్గర గంటకి 40 కిలోమీటర్ల గాలి కొడితే ఒంటికి మైనస్ 21లా తగులుతుంది, ఆ గాలికి ఎదురుగా ముందు నిలబడేది ఎవరు? లీడరే. మ్యాప్ చూడ్డానికి గ్లవ్ తీసేది, అందరికీ సాయం చేస్తూ తను తినడం మర్చిపోయేది, ఆగి ఆగి చెమట ఆరిపోయి వణికేది కూడా లీడరే. నిర్ణయాలన్నీ ఎవరి చేతిలో పెట్టామో ఆ మనిషి బుర్రే ముందు మందగించే అవకాశం ఉన్న చోట, అది కనిపెట్టగలిగేది వెనక నడిచే పద్దెనిమిదేళ్ల అమ్మాయి. అన్నా, నీ మాట తేడాగా వస్తోంది, ఆగుదాం అని ఆమె అనగలగాలి. అనడానికి ఆమెకి రెండు కావాలి, గుర్తులు తెలియాలి, అంటే ఎవరూ నవ్వరన్న నమ్మకం ఉండాలి. ఈ రెండూ ఏ షాపులోనూ దొరకవు, క్లబ్బే నేర్పాలి, అదీ మంచు పడకముందే.

అందుకే చలికాలం ప్రిపరేషన్ ఎండ ఉన్నప్పుడే మొదలవ్వాలి. మొదటి ట్రిప్ నుంచే మ్యాప్, దిక్సూచి కొత్తవాళ్ల చేతికివ్వండి, సీనియర్ పక్కన నడుస్తాడు, తప్పు దారి పట్టినా కాసేపు పట్టనిస్తాడు. చీకట్లో, వానలో అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిపించండి, చుట్టూ తెల్లగా తప్ప ఏమీ కనపడని వైటౌట్‌లో అక్కరకొచ్చేది ఆ లెక్కే. ట్రిప్ ముందు రాత్రి వాతావరణం, అవలాంచ్ ఫోర్‌కాస్ట్ చదివి చెప్పేది లీడర్ కాకూడదు, కొత్తగా చేరినవాళ్లలో ఒకరు చదవాలి, గాలి ఎటు నుంచి వీచింది, ఎటువైపు వాలు మీద మంచు పేరుకుంది, మన దారిలో 30 నుంచి 45 డిగ్రీల వాలు ఎక్కడుంది అని మ్యాప్ మీద వేలు పెట్టి చూపించాలి. అవలాంచ్‌లు ఎక్కువగా వచ్చేది ఆ వాలు మీదే. అవలాంచ్ ప్రమాదాన్ని చెప్పే ఐదు మెట్ల స్కేల్‌లో మూడు అని ఉంటే మధ్యలోనే కదా అని తేలిగ్గా తీసుకోవద్దని కూడా వాళ్లే చెప్పాలి, మరణాల్లో పెద్ద వాటా ఆ మూడో మెట్టు ఉన్న రోజులదే. టైమ్ లెక్క కూడా వాళ్లతోనే వేయించండి. 1892 నాటి నైస్మిత్ లెక్క ప్రకారం ఐదు కిలోమీటర్లకి గంట, 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట, అంటే 12 కిలోమీటర్లు, 900 మీటర్లు అయితే దాదాపు నాలుగు గంటలు. లోతు మంచులో అది రెట్టింపైనా ఆశ్చర్యం లేదు, స్కాట్లాండ్ లాంటి చోట డిసెంబర్‌లో పగలు ఏడు గంటలు కూడా ఉండదు. ఈ కూడిక తన చేత్తో వేసిన పిల్లకి ఒంటిగంటకి ఎందుకు వెనక్కి తిరగాలో ఎవరూ లెక్చర్ ఇవ్వక్కర్లేదు.

జారిపోతున్నప్పుడు ఐస్ యాక్స్‌తో ఆగడం నేర్పుతారు, మంచిదే, కింద బండలు లేని వాలు మీద, హెల్మెట్ పెట్టుకుని, క్రాంపాన్లు తీసేసి చేయాలి, లేకపోతే ముళ్లు దిగబడి చీలమండ విరుగుతుంది. బీకన్‌తో వెతకడం గ్లవ్స్ వేసుకునే చేయించండి, గదిలో వెచ్చగా కూర్చుని చేసేది లెక్కలోకి రాదు. వీటి మీద ఇంతకంటే చెప్పను, ఏ కోర్సులోనైనా నేర్పుతారు.

మరి ఎదురు వాదన ఉంది, కొట్టిపారేయదగ్గది కూడా కాదు. తుపాను మధ్యలో పదిమంది పది మాటలంటే అందరూ పోతారు, ఒకరు చెప్పాలి మిగతావాళ్లు వినాలి అంటారు. నిజమే, గాలి హోరులో మీటింగ్ పెట్టమని నేనూ అనట్లేదు. నేనడిగేది వేరే రూల్: ముందుకెళ్లాలంటే అందరూ సరేననాలి, ఆగాలంటే ఒక్కరు చాలు, ఎందుకో వివరించక్కర్లేదు. వెనక్కి తిరిగాక దారి ఎటు, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది లీడర్ మాటే. దీనివల్ల కొన్ని శిఖరాలు చేజారతాయి, చేజారనివ్వండి.

దీనికి క్లబ్బుకి జ్ఞాపకం కావాలి. కమిటీ ఏటా మారుతుంది, పోయినేడు ఏ వాలు దగ్గర త్రుటిలో తప్పించుకున్నారో ఆ సంగతి వెళ్లిపోయినవాళ్లతో పాటే పోతుంది, కొత్త కమిటీకి మిగిలేది సమ్మిట్ ఫొటోలు మాత్రమే. త్రుటిలో తప్పిన ప్రతి సంఘటనా పేర్లు లేకుండా, తిట్లు లేకుండా ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టాలి, కొత్త కమిటీ చేసే మొదటి పని దాన్ని అందరి ముందూ గట్టిగా చదవడం కావాలి. వెనక్కి తిరిగొచ్చిన ట్రిప్పులు కూడా అందులో ఉండాలి, ఎందుకు తిరిగారు అని. ఇంకా లీడర్‌ని ఎన్నికల్లో గెలిచాడని పెట్టకూడదు. పార్టీలు బాగా చేసే ప్రెసిడెంట్ ఉండొచ్చు, మంచులో నడిపే మనిషిని మాత్రం అతనితో నడిచినవాళ్లు చెప్పాలి.

నిజానికి నా గొడవ కొండల దగ్గర మొదలవ్వలేదు, క్లాస్‌రూమ్ దగ్గర మొదలైంది. పన్నెండేళ్లు బడిలో కూర్చోబెట్టి, చెయ్యెత్తి అడిగితే ఎదురు చెప్పినట్టు చూసి, సరైన జవాబు సార్ దగ్గరే ఉంటుందని నూరిపోసి, ఆ పిల్లల్నే పద్దెనిమిదేళ్లకి కాలేజీకి పంపి, ఇప్పుడు స్వతంత్రంగా ఆలోచించు అంటాం. ఎక్కడ నుంచొస్తుంది? ఆస్పత్రిలో సర్జన్ తప్పు వైపు కోస్తుంటే నర్సు ఆపాలన్నా, విమానంలో కెప్టెన్ పొరబడితే కో పైలట్ అరవాలన్నా కావాల్సింది ఇదే గుణం. విమాన రంగం ఈ సంగతి ఎప్పుడో గ్రహించింది, 1977లో స్పెయిన్‌కి చెందిన టెనరిఫే దీవిలో రన్‌వే మీద రెండు విమానాలు గుద్దుకుని 583 మంది పోయాక, కాక్‌పిట్‌లో కింది ఉద్యోగి కూడా నోరు తెరిచేలా ట్రైనింగే మార్చుకుంది. చదువు చెప్పేవాళ్లు ఇంకా మార్చుకోలేదు. స్టూడెంట్ మౌంటెనీరింగ్ క్లబ్ అంటే నాకు ఇంత ప్రేమ ఎందుకంటే, ఇరవై ఏళ్లవాళ్లు నిజమైన బాధ్యత మోస్తూ, ఒకరి ప్రాణం గురించి ఒకరు ఆలోచిస్తూ, పెద్దవాళ్లు పక్కన లేకుండా వద్దు అనడం నేర్చుకునే చోట్లు చాలా కొద్దిగా మిగిలాయి, వాటిలో ఇదొకటి.

అలాంటి చోటుని ఒక ప్రమాదం జరగ్గానే మూసేయాలని చూస్తారు యాజమాన్యాలవాళ్లు. 1971 నవంబర్‌లో స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గోర్మ్ పీఠభూమి మీద ఐదుగురు స్కూల్ పిల్లలు, వాళ్లతో ఉన్న పద్దెనిమిదేళ్ల ట్రైనీ ఇన్‌స్ట్రక్టర్ మంచు తుపానులో చనిపోయినప్పుడు కూడా ఇక పిల్లల్ని కొండలకి పంపొద్దన్న గొంతులు లేచాయి. అక్కడివాళ్లు కొండల్ని మూసేయలేదు, నడిపేవాళ్లకి ఉండాల్సిన అర్హతల్ని గట్టి చేశారు. క్లబ్ మూసేస్తే కుర్రాళ్లు ఆగుతారా? గేర్ రూమ్ లేకుండా, సీనియర్ లేకుండా, ఎక్కడికెళ్తున్నామో ఎవరికీ చెప్పకుండా వెళ్తారు. కాబట్టి కాలేజీవాళ్లని నేనడిగేది చిన్న మార్పు. ట్రిప్ ఫారంలో లీడర్ పేరు రాసే గడి కింద ఇంకో రెండు గడులు పెట్టండి, లీడర్‌కి ఏదైనా అయితే మ్యాప్ చదివి మిగతావాళ్లని కిందకి దింపగలిగే ఇద్దరి పేర్లు రాయమనండి, ఆ ఇద్దర్నీ పిలిచి దారి అడగండి. వాళ్లు చెప్పలేకపోతే ఆ వారం బస్సు ఇవ్వకండి, చెప్పగలిగిన వారం ఇవ్వండి.